ఫోన్ లేని పాకెట్ కంప్యూటర్ మార్కెట్లో నిలబడగలదా?

నిలబడగలదు, కానీ ఫోన్ చేయలేని పని ఏదో ఒకటి అది బాగా చేస్తేనే. డైరీ, అడ్రస్ బుక్, ఈమెయిల్ లాంటి మామూలు అవసరాలకైతే ఇప్పుడు ఫోన్ సౌకర్యం లేకుండా అమ్ముడుపోవడం చాలా కష్టం.

కారణం జేబే. ఫోన్ ఎలాగూ వెంట ఉంటుంది కాబట్టి రెండో పరికరాన్ని మోయాలన్నా, రోజూ ఛార్జ్ చేయాలన్నా గట్టి అవసరం కావాలి. పైగా సిమ్ అంటే కాల్స్ మాత్రమే కాదు, ఎక్కడున్నా ఇంటర్నెట్. అసలు విలువ అక్కడే ఉంది. చాలా దేశాల్లో టెలికాం కంపెనీలు ఫోన్ ధరలో కొంత తామే భరించి, నెలవారీ బిల్లులో రాబట్టుకున్నాయి. సిమ్ లేని పరికరానికి ఆ సాయం దొరకలేదు.

1996లో వచ్చిన పామ్ పైలట్ అనే పాకెట్ కంప్యూటర్‌నే చూడండి. కాల్స్ లేవు, వైఫై లేదు. రెండు చిన్న బ్యాటరీలతో వారాల తరబడి నడిచేది, ఒక్క బటన్ నొక్కితే డెస్క్‌టాప్‌తో సింక్ అయ్యేది, అంటే రెండిట్లోని సమాచారం ఒకేలా మారేది. అది పెద్ద హిట్. అప్పటి ఫోన్లకు ఆ పనులు అంత బాగా రావు మరి!

ఫోన్ లేకపోవడం వల్లే పామ్ కంపెనీ మునిగిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 2003లో ట్రియో ఫోన్లు తయారుచేసే హ్యాండ్‌స్ప్రింగ్ కంపెనీని పామ్ కొన్నాక ఆ ఫోన్లు పామ్ పేరుతోనే వచ్చాయి, బాగానే అమ్ముడయ్యాయి కూడా. కానీ ఐఫోన్, ఆండ్రాయిడ్‌ల బ్రౌజర్, యాప్‌ల ముందు అవి తేలిపోయాయి. చివరికి 2010లో పామ్‌ను హెచ్‌పీ కొనేసింది.