పేరుకు షాడో టీచర్, చేతికి శిక్షణ లేదు: బడిని ఏమని అడగాలి?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి. సదరం సర్టిఫికెట్‌లో 65 శాతం వైకల్యం అని రాశారు. ప్రైవేటు బడిలో మూడో తరగతి. తరగతిలో బాబు పక్కనే ఉండి చూసుకునే సహాయకురాలి కోసమని, షాడో టీచర్ పేరుతో నెలకు 8 వేలు అదనంగా తీసుకుంటున్నారు. ఆమెకు ఏ శిక్షణా లేదని ఈమధ్యే తెలిసింది. బాబు పేచీ పెడితే చేతులు అదిమిపట్టి కూర్చోబెడుతోంది, ఏడుస్తుండగానే నోట్లో ముద్ద పెడుతోంది. శిక్షణ ఉన్నవాళ్లు కావాలని చట్టప్రకారం అడగొచ్చా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అడగొచ్చు. కానీ అర్జీలో ‘ఆమెను మార్చండి’ అని మాత్రం రాయకండి. మార్చేస్తారు, కొత్తగా వచ్చే ఆమెకూ శిక్షణ ఉండదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బళ్లకూ వర్తిస్తుంది. పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు, వ్యక్తిగత సహాయం అందాలని అందులో ఉంది. సిబ్బందికి శిక్షణ ఇప్పించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వంపై పెట్టింది. లోపం కూడా చెప్పాలి: తరగతి సహాయకులకు ఫలానా అర్హత ఉండాలని ఈ చట్టం ఎక్కడా నిర్దేశించలేదు. బడి తరఫు వకీలు మొదట పట్టుకునేది దీన్నే. 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. ఆ లెక్క టీచర్లది, సహాయకులది కాదు. అయితే మిగతా టీచర్లకూ సిబ్బందికీ శిక్షణ తప్పనిసరి అని అదే తీర్పులో ఉంది. మీరు ఆధారం చేసుకోవాల్సింది ఆ మాటనే.

అందుకే అర్హత గురించి కాక, పని గురించి అడగండి. బాబును చూసే డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, టైము చూసుకోవాలని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని అందులో ఉండాలి. నిటారుగా కూర్చోబెట్టి, ఏడుపు ఆగాకే తినిపించాలని, లేకపోతే ముద్ద గొంతుకు అడ్డం పడుతుందని కూడా రాయించండి. ఏ శబ్దానికి, ఏ గందరగోళానికి పేచీ మొదలవుతుందో మీకే బాగా తెలుసు కనుక అది మీరు జతచేయండి. ఇవన్నీ ఆమెకు ఎవరు, ఎన్ని గంటలు నేర్పారు, రోజూ ఎవరు పర్యవేక్షిస్తున్నారు అని ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. నకలు జిల్లా విద్యాశాఖాధికారికి పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబుకు 15 రోజులు గడువివ్వండి.

ఫీజు రసీదు ఒకసారి తీసి చూడండి. దాని మీద ‘స్పెషల్ ఎడ్యుకేటర్’ (దివ్యాంగ పిల్లలకు బోధించే శిక్షణ పొందిన టీచరు) అని ఉంటే మీ చేతికి మంచి ఆయుధం దొరికినట్టే. భారత పునరావాస మండలి చట్టం, 1992 ప్రకారం ఆ పని చేసేవాళ్లకు మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

చేతులు అదిమిపట్టిన సంగతి వేరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది. పిల్లవాడికి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా దాడి చేసినా, హింసించినా జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లొచ్చు. సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి తేదీ, సమయం చెప్పి దాన్ని భద్రపరచమని ఇవాళే ఉత్తరం ఇవ్వండి. మిగతావన్నీ ఆ తర్వాత.

బడి కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు దివ్యాంగుల హక్కుల చట్టం 80వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయండి. వకీలు అక్కర్లేదు, మామూలు కాగితం చాలు. కమిషనర్ సిఫారసు చేస్తే, దాన్ని అందుకున్న అధికారి తీసుకున్న చర్యను మూడు నెలల్లో తెలపాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. కట్టిన డబ్బు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకుంటారేమో, చదువు ‘సేవ’ కిందికి వస్తుందా రాదా అన్న వాదనే అక్కడ ఏళ్ల తరబడి నడుస్తోంది. ముందు కమిషనర్ దగ్గరకే వెళ్లండి.