విండోస్ 11కి మారాక రైట్ క్లిక్ మెనూలో పాత ఆప్షన్లు ఎక్కడికి పోయాయి?

ఎక్కడికీ పోలేదు, ఒక మెట్టు లోపలికి వెళ్లాయి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, అడుగున ఉన్న 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే పాత మెనూ మొత్తం తెరుచుకుంటుంది. ప్రతిసారీ రెండు క్లిక్‌లెందుకనుకుంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి, నేరుగా అదే వస్తుంది. ఫైల్‌ను సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కినా సరే.

ఇలా ఎందుకు చేశారంటే, పాత మెనూలో ప్రతి సాఫ్ట్‌వేరూ తన వరుసలు ఇష్టమొచ్చినట్టు చేర్చుకునేది. మెనూ చాంతాడంత పెరిగి, తెరుచుకోవడమే ఆలస్యమయ్యేది. కొత్త మెనూ కొత్త పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్‌లనే పైకి చూపిస్తుంది. మీ పాత జిప్ టూల్ కనబడకపోవడానికి కారణం ఇదే. దాని కొత్త వెర్షన్ వేస్తే చాలాసార్లు పైకి వస్తుంది.

కారణం సబబే. కానీ కట్, కాపీ, పేస్ట్, రీనేమ్‌లను పేర్లు తీసేసి ఉత్తి బొమ్మలుగా పెట్టడం మాత్రం పొరపాటు. ఏళ్లుగా చెయ్యి అలవాటుగా వెళ్లే చోట మాట లేకపోతే ఎవరికైనా చిరాకే. 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్‌తో ఆ బొమ్మల కింద పేర్లు వచ్చాయి, అది వేసుకోండి. పేరు మార్చడానికి ఎఫ్2 ఎప్పటిలాగే పనిచేస్తుంది.

స్టార్ట్ బటన్ ఎడమకు రావాలంటే: సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్, అలైన్‌మెంట్‌లో లెఫ్ట్.

విండోస్ 10కి వెనక్కి వెళ్లే అవకాశం మామూలుగా మొదటి 10 రోజులే. పైగా దానికి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి ఆ దారి పట్టకండి.