ఖునారీకి కొమ్ములు ఎందుకు మొలిచాయి?

ఫాంటసీ ఆటలకు పాత్రలు గీసే చిత్రకారిణి పాలకొల్లు నుంచి పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.

ప్రశ్న: అక్కా, డ్రాగన్ ఏజ్ అనే వీడియో గేమ్ వరుసలో మొదటి ఆటలో ఖునారీ జాతికి చెందిన స్టెన్‌కు కొమ్ములు లేవు. రెండో ఆటకు వచ్చేసరికి ఆ జాతికి ఇంతింత కొమ్ములు. ఫైనల్ ఫాంటసీ అయితే ఒక ఆటలో పెద్ద తలలు, ఇంకో ఆటలో నిజం మనుషులు. ఇష్టపడ్డ బొమ్మను ఇలా మార్చేస్తుంటే బాధేస్తుంది. గీసేవాళ్లకు ఒక పద్ధతి ఉండదా?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: నీ బాధ నాకు తెలుసు తమ్ముడూ. కానీ కొమ్ముల విషయంలో నేను మార్చినవాళ్ల పక్షమే. 2009 నాటి మొదటి ఆటలో ఖునారీల్లో స్టెన్ ఒక్కడే మన జట్టులో ఉంటాడు. బాగా పొడుగు, తెల్ల జుట్టు. పక్కన నిలబడితే భారీ మనిషి అనిపిస్తాడు తప్ప వేరే జాతి అనిపించడు. 2011లో వచ్చిన రెండో ఆటలో ఖునారీల దండు దండే ఒక నగరంలో దిగుతుంది. వీధి చివర ఉన్నవాడు మనిషా, ఖునారీనా అన్నది ఆడేవాడికి రెప్పపాటులో తెలియాలి. కొమ్ములు ఆ పని చేశాయి. స్టెన్ సంగతేమిటని అడిగేవాళ్లుంటారని, కొమ్ముల్లేకుండా పుట్టినవాళ్లను ఆ జాతి ప్రత్యేకంగా చూస్తుందని కథలో చోటు కల్పించారు. నాకు ఆ సర్దుబాటు నచ్చింది.

పాత్ర గీసేటప్పుడు మేం కళ్లు, నగలు, రంగులు ముందు పట్టించుకోం. ఆకారం మొత్తాన్ని నల్లగా నింపేసి చూస్తాం. దాన్నే సిలౌట్ అంటాం. ఆ నల్ల మచ్చను చూసి ఎవరో చెప్పగలిగితేనే ముందుకు వెళ్తాం. కాకినాడ పక్కన మాధవపట్నంలో తోలుబొమ్మలు ఆడించేవాళ్లకు ఇది తరాలుగా తెలిసిన విద్య. హనుమంతుడు తెర మీదకు వచ్చీ రాగానే, ఇంకా నోరు విప్పకముందే, తోక చూసి పిల్లలు కేక పెడతారు. కొమ్ముల్లేని ఖునారీకి ఆ తోక లేదు. అంతే తేడా.

ఫైనల్ ఫాంటసీ కథ వేరు. 1987లో మొదటి ఆట వచ్చినప్పుడు పాత్రల చిత్రాలు వేసింది యోషితాకా అమానో. సన్నటి సిరా గీతలు, గాలిలో తేలే జుట్టు, నీటిరంగులు. ఆ ఆట నడిచిన ఫామికామ్ యంత్రం మాత్రం ఒక్కో చిన్న బొమ్మ ముక్కకు మూడు రంగులే ఇచ్చేది. అమానో గీసిన మనిషిని ఆ కాసిని గళ్లలో కూర్చోబెట్టిన ఆవిడ కజుకో షిబుయా. అమానో పేరు చాలామందికి తెలుసు, ఈవిడ పేరు తెలిసినవాళ్లు తక్కువ. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. ఆడినవాళ్లు గంటల తరబడి చూసింది ఆవిడ బొమ్మల్నే! 1994 నాటి ఆరో ఆటలో టెరా అనే అమ్మాయి జుట్టు అమానో చిత్రంలో బంగారు రంగు, ఆటలో ఆకుపచ్చ. రెండూ టెరానే అని అభిమానులు ఏ గొడవా లేకుండా ఒప్పుకున్నారు.

1997లో ఏడో ఆటకు టెట్సుయా నోమురా వచ్చాడు. ప్లేస్టేషన్‌లో త్రీడీ బొమ్మలు. ఊళ్లో తిరిగేటప్పుడు హీరో క్లౌడ్ చేతులు చెక్క దిమ్మల్లా ఉంటాయి, యుద్ధంలోకి దిగితే అదే క్లౌడ్ పొడుగ్గా అవుతాడు. అయినా ఎవరూ తికమకపడలేదు. ముళ్లలాంటి జుట్టు, ఒంటికంటే బరువైన కత్తి, ఆ రెండూ చాలు. 2020 రీమేక్‌లో ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు, కానీ ఆ జుట్టూ కత్తీ అక్కడే ఉన్నాయి. ఇంకో సంగతి చూడు. 1999లో ఎనిమిదో ఆటలో నిజం మనుషుల కొలతలు పెట్టి, మర్నాడే అన్నట్టు 2000లో తొమ్మిదో ఆటకు మళ్లీ పెద్ద తలలకు వెళ్లారు. టెక్నాలజీ పెరిగేకొద్దీ బొమ్మ నిజానికి దగ్గరవ్వాలన్న రూలేమీ లేదని ఆ ఒక్క ఏడాది తేల్చేసింది. అటు డ్రాగన్ క్వెస్ట్ ఆటలకు 1986 నుంచి అకిరా తోరియామా గీశారు. 2024లో ఆయన పోయేదాకా అందులోని స్లైమ్ అనే నీలం బొట్టులాంటి జీవి నవ్వు అలాగే ఉంది.

నాకు కోపం వచ్చేది ఎప్పుడంటే, పక్క ఆట బాగా అమ్ముడైందని తమ పాత్రలకు దాని మొహాలు తగిలించినప్పుడు. అలా చేసిన ఆటలో ఏ హీరోను నల్లగా నింపినా ఒకడే కనిపిస్తాడు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఓర్క్ అనే రాక్షసుడట, పంది మూతి పెట్టి గీశాడు. వాడి ఫ్రెండేమో ఓర్క్ ఆకుపచ్చగా కోరలతో ఉండాలంటాడు. చదువు మానేసి ఇద్దరూ దీని మీదే పోట్లాట. ఎవరిది కరెక్ట్?
– ఒక తల్లి, భీమవరం

జవాబు: ఇద్దరిదీనండి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 1977లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో ఓర్క్‌లకు పంది మూతే ఉంది. జపాన్‌లో ఆ రూపం పాతుకుపోయింది. డ్రాగన్ క్వెస్ట్‌లో ఓర్క్ అంటే ఈటె పట్టిన అడవిపంది. ఆకుపచ్చ ఓర్క్‌ను ఎక్కువమందికి అలవాటు చేసింది 1994లో మొదలైన వార్‌క్రాఫ్ట్ వీడియో గేమ్. కోబోల్డ్ అనే చిన్న జీవిదీ ఇదే తంతు. జపాన్ ఆటల్లో కుక్క మొహం, 2000 తర్వాత అమెరికా పుస్తకాల్లో పూర్తిగా బల్లి జాతి. మీ వాడు ఏ ఆట చూసి గీశాడో అడగండి. వాడి బొమ్మ నాకు పంపించండి, చూడాలని ఉంది.

ప్రశ్న: అక్కా, కోనసీమలో జరిగే ఫాంటసీ కథకు ఒక యోధురాలిని గీశాను. ఒళ్లంతా ఇనుప కవచం, బొచ్చు అంచున్న పెద్ద క్లోక్, వెనక కొబ్బరి చెట్లు. ఎక్కడో తెచ్చి అతికించినట్టుంది. ఎలా మార్చను?
– ఇంటర్ విద్యార్థిని, కొత్తపేట

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. ముందు ఒక మెచ్చుకోలు. పాత ఫాంటసీ బొమ్మల్లో మగవాడికి నిండా కవచం, ఆడదానికి పొట్ట, తొడలు బయటికి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 పుస్తకాలకు వచ్చేసరికి ఆ తీరు చాలావరకు పోయింది. నువ్వు ఆ దారిలోకి వెళ్లకుండా నీ అమ్మాయి ఒళ్లు కాపాడావు. ఆ ఆలోచన వదులుకోకు.

ఇక అతుకు సంగతి. బొచ్చు క్లోక్ మంచు దేశపు మనిషిది. మే నెలలో మన దగ్గర దాన్ని కప్పుకుంటే శత్రువు దాకా వెళ్లకుండానే సొమ్మసిల్లిపోతుంది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఆ బూట్లతో దమ్ము చేసిన చేలో దిగితే మోకాలి దాకా కూరుకుపోతుంది. అందుకే బట్టల దగ్గర మొదలుపెట్టకు, ఆమె పని దగ్గర మొదలుపెట్టు. గోదావరి వశిష్ఠ పాయలో ఒక లంకలో ఉంటుందనుకో. వరదొస్తే జనాన్ని పడవ మీద గట్టుకు చేరుస్తుంది. అప్పుడు చేతిలో కత్తి ఉండదు, తనకంటే పొడవైన గెడ ఉంటుంది. చీర గోచీ పోసి బిగించి ఉంటుంది. కాళ్లు ఉత్తవి. గెడ వేసీ వేసీ భుజాలు బలిసి ఉంటాయి. ఇప్పుడు నల్లగా నింపి చూడు, ఇంకే ఆటలోనూ లేని ఆకారం వస్తుంది.

కవచం కావాలంటే కొబ్బరి పీచు ఉందిగా! ఇది నా కల్పన కాదు. పసిఫిక్ సముద్రంలో కిరిబాటి దీవుల యోధులు 19వ శతాబ్దంలో కొబ్బరి పీచు తాళ్లు అల్లిన కవచాలు తొడుక్కునేవారు. సొర చేప పళ్లు గుచ్చిన ఆయుధాలను అవి ఆపేవి. తలకు ముళ్ల చేప చర్మంతో చేసిన శిరస్త్రాణం. మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి, ఫొటోలు వెతికి చూడు. కవచం ఎక్కడ మందంగా ఉండాలన్నది దెబ్బ ఎక్కడ తగులుతుందో దాన్నిబట్టి నిర్ణయించు. గెడ వేసే మనిషికి చేతులు తలపైకి లేవాలి, కాబట్టి భుజాల దగ్గర అల్లిక వదులుగా, పక్కటెముకల మీద గట్టిగా.

ద్రాక్షారామం వైపు వీరనాట్యం చూసే ఉంటావు. ఆ విభూతి, ఆ అడుగుల ఊపు నీ యోధురాలికి పనికొస్తాయి. జాతరల్లో నెత్తిన పెట్టుకుని ఆడే గరగల్లోని పాముపడగ కూడా ఆకారానికి అద్భుతమే, కానీ గరగ అమ్మవారిది. దాన్ని ఉత్త అలంకారంగా శత్రువు నెత్తిన పెట్టొద్దు. కథలో దానికి తగ్గ చోటుంటేనే వాడు. రంగులకు బయటికెళ్లి చూడు: వరద తీశాక గట్ల మీద మిగిలే ఒండ్రు రంగు, ఆకుమడి పచ్చ, పసుపు. మూడూ చాలు.

ఇప్పుడే రంగులు వేయకు. నల్ల మచ్చగా మూడు భంగిమలు గీసి పంపు: రేవులో ఎదురుచూస్తూ ఒకటి, గెడ వేస్తూ ఒకటి, పడవలోకి ఎవరో దూకిన క్షణంలో ఒకటి. మొహం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.