రాయి సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి బిళ్లలు ఆపండి

ప్రశ్న: నా వయసు 41. మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తున్నాను. నడుం నొప్పి అని స్కానింగ్ తీయిస్తే ఎడమ కిడ్నీలో 5 మి.మీ. రాయి ఉందన్నారు. బీరు తాగితే పడిపోతుందని మా మేస్త్రి, ఉలవకట్టు తాగమని మా అత్తగారు, కొండపిండి ఆకు కషాయం వాడమని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో ఏది మంచిది? ఆపరేషన్ లేకుండా రాయి కరుగుతుందా? నొప్పికి రెండేళ్లుగా మెడికల్ షాపులో ఇచ్చే బిళ్ల దాదాపు రోజూ వేసుకుంటున్నాను, దాంతోపాటు గ్యాస్ బిళ్ల. షుగర్, బీపీ లేవు. మూత్ర పరీక్షలో అల్బుమిన్ లేదన్నారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.8 వచ్చింది, నీళ్లు బాగా తాగితే తగ్గిపోతుందని ల్యాబ్ అబ్బాయి చెప్పాడు. స్కాన్ రిపోర్టులో గ్రేడ్ 1 రీనల్ పేరెంకైమల్ చేంజెస్ అని కూడా రాశారు. మా ఆవిడకు తరచూ మూత్రంలో మంట వస్తుంది, ఏ బిళ్ల వాడాలి?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మీరు సగం ఉత్తరం రాయి గురించే రాశారు. నాకు మాత్రం కన్ను ఆగింది చివర్లో రాసిన 1.8 దగ్గర. ముందు దాని సంగతి చూద్దాం. రాయి ఎక్కడికీ పోదు.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. మగవాళ్లలో అది మామూలుగా 1.3 లోపు ఉండాలి, ల్యాబ్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. 1.3కీ 1.8కీ మధ్య ఉన్నది అర పాయింటే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మీ వయసుకు లెక్క వేస్తే కిడ్నీల వడపోత నిమిషానికి 48 మి.లీ. దగ్గర వస్తోంది. 41 ఏళ్ల మనిషికి అది 90 పైన ఉండాలి. అంటే దాదాపు సగం పోయినట్టు. క్రియాటినిన్‌తో ఉన్న చిక్కే ఇది. కిడ్నీలు తమ శక్తిలో సగం దాకా పోగొట్టుకునే వరకు ఈ అంకె పెద్దగా కదలదు. కదిలిందంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

ఒక్క రిపోర్టు చూసి మీకు కిడ్నీ జబ్బు ఉందని నేను తేల్చడం లేదు. ముందు రోజు మటన్ గట్టిగా తిన్నా, ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగినా, బరువులు మోసినా క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. అందుకే మళ్లీ చేయించాలి. మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటాం. అలాగని మూడు నెలలు ఆగి చూద్దామని అనుకోకండి. కొద్ది రోజుల్లో పెరిగిన క్రియాటినిన్ అయితే కారణం తీసేస్తే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. ఆ అవకాశం ఉండేది ఇప్పుడే.

ఇదంతా రాయి వల్లే అని మీరు అనుకుంటున్నారేమో. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెడలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని వడగట్టి, అందులో కావలసిందంతా వెనక్కి తీసుకుని, చివరికి లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటికి పంపుతాయి. ఆ మూత్రం కిడ్నీ నుంచి ఒక సన్నటి గొట్టం ద్వారా మూత్రాశయానికి దిగుతుంది. రాయి ఆ గొట్టాన్ని మూసేస్తేనే కిడ్నీ మీద ఒత్తిడి పడుతుంది. మీ రాయి కిడ్నీలోనే ఉంది, దారి మూసినట్టు, కిడ్నీ ఉబ్బినట్టు మీరు రాయలేదు. ఒకవేళ ఎడమ వైపు మూసుకుపోయినా, కుడి కిడ్నీ బాగుంటే క్రియాటినిన్ సాధారణంగా 1.8కి పోదు. కాబట్టి లోపం రెండు కిడ్నీల్లోనూ ఉండి ఉండాలి. రిపోర్టులో ఉన్న పేరెంకైమల్ చేంజెస్, అంటే కిడ్నీ కణజాలంలో మార్పులు, అన్న మాట కూడా అటే చూపిస్తోంది. స్కాన్‌లో గ్రేడ్ 1 అన్నది తీసేవారిని బట్టి మారుతుంది, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని భయపడనక్కర్లేదు. క్రియాటినిన్‌తో కలిపి చూస్తే మాత్రం పక్కన పెట్టలేం.

ఇక నొప్పి బిళ్లలు. రెండేళ్లు, దాదాపు రోజూ! దాని పేరు మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదు. తప్పంతా మీదే అనను. షాపులో స్ట్రిప్ కత్తిరించి, పేరు కనిపించకుండా నాలుగు బిళ్లలు కాగితం కవర్లో వేసి ఇస్తారు. మనమూ అడగం. కూరగాయల దగ్గర పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూసే మనం, నోట్లో వేసుకునే మందు పేరు మాత్రం చదవం.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, ఎటోరికాక్సిబ్. మీ బిళ్లలో వీటిలో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. కొన్నింటిలో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ రెండూ కలిపి ఉంటాయి. స్ట్రిప్ మీద పారాసెటమాల్ అన్న మాట చూసి ఇది జ్వరం బిళ్లే కదా అనుకుంటారు. అది పొరపాటు.

కిడ్నీలోని జల్లెడలకు రక్తం తెచ్చే సన్నటి నాళం తెరుచుకుని ఉండటానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వాటి అవసరం ఇంకా పెరుగుతుంది. ఈ నొప్పి బిళ్లలు పని చేసేది సరిగ్గా ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు చేనుకు నీళ్లొచ్చే తూము సగం దించినట్టు కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఏసీ గదిలో కూర్చున్న ఆరోగ్యవంతుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. మే నెలలో పై అంతస్తులో గాలాడని గదిలో పని చేస్తూ, మధ్యాహ్నం దాకా గ్లాసు నీళ్లు కూడా తాగకుండా, రోజూ ఒక బిళ్ల వేసుకునే మనిషి సంగతి వేరు. పైగా వేసుకున్న రోజున ఏ తేడా తెలియదు. మూత్రం మామూలుగానే వస్తుంది, కాళ్లు వాయవు. ఏళ్ల తరబడి ఇలా వాడితే కిడ్నీ లోపలి కణజాలం మెల్లగా గట్టిపడిపోతుంది, అది తిరిగి రాదు.

మాత్రలు కడుపులో మంట అని ఇంజెక్షన్ చేయించుకుంటే కిడ్నీకి తేడా ఏమీ లేదు, మందు అదే. గ్యాస్ బిళ్లలు కూడా నెలల తరబడి వాడితే కొందరిలో కిడ్నీ వాపు తెస్తాయి, మీకు అవి అవసరమో కాదో డాక్టరును అడగండి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా బీపీ మందులు వాడుతుంటే వాళ్లకు మీ బిళ్ల అస్సలు ఇవ్వకండి. కొన్ని రకాల బీపీ మందు, నీరు తీసే మందు, నొప్పి బిళ్ల మూడూ కలిస్తే వారంలోనే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. అప్పుడు కూడా మానాల్సింది నొప్పి బిళ్ల. డాక్టరు రాసిన బీపీ మందును ఎవరికి వారు ఆపేయకూడదు.

మరి నొప్పికి ఏం చేయాలి? పారాసెటమాల్ ఒక్కటే ఉన్న బిళ్ల కిడ్నీకి చాలా వరకు నయం. ఎన్ని, ఎన్ని రోజులు అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాలి, మందు తాగే అలవాటుంటే ఆ మాట కూడా చెప్పండి. అసలు మీ నడుం నొప్పి రాయి వల్ల వస్తోందని నాకు అనిపించడం లేదు. రాయి నొప్పి రోజూ సన్నగా ఉండదు. అలలు అలలుగా వస్తుంది, పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి దిగుతుంది, వాంతి వస్తుంది, మనిషి ఒక చోట కూర్చోలేడు. రెండేళ్లుగా వంగినప్పుడల్లా పట్టేసే నొప్పి అయితే, అది మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ వేసేవారి నడుం కండరాలది, డిస్కులది అయి ఉండొచ్చు. ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించి ఫిజియోథెరపీ నేర్చుకోండి. ఆయనకు క్రియాటినిన్ సంగతి ముందే చెప్పండి, లేకపోతే అక్కడా అదే బిళ్ల రాస్తారు.

కంచిలి అని చదవగానే ఇంకో ఆలోచన రాక మానదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఉద్దానం మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పెద్దగా పోదు, క్రియాటినిన్ మాత్రం పెరుగుతూ పోతుంది. అక్కడి రోగుల్లో చాలామందికి కనిపించే తీరు ఇదే. కాబట్టి షుగర్, బీపీ లేవన్న ధీమా, అల్బుమిన్ లేదన్న ధీమా మీ విషయంలో పనికిరావు. నీళ్లు, నేల, పురుగుమందులు, ఎండ, నొప్పి మందులు, వంశం... అన్నిటినీ అనుమానించారు, ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. శ్రీలంకలో వరి పండించే ప్రాంతాల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. మీకు అదే ఉందని నేను అనడం లేదు. మీరు ఊరు వదిలి చాలా ఏళ్లయింది. అయినా మీ నాన్నగారికో, మేనమామకో, అన్నదమ్ములకో కిడ్నీ జబ్బు ఉందా అన్నది మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మీ తోబుట్టువులను కూడా ఒకసారి క్రియాటినిన్ చేయించుకోమనండి.

ఇప్పుడు చేయాల్సింది: ఈ వారంలోనే కిడ్నీ జబ్బులు చూసే నెఫ్రాలజిస్టును కలవండి. రాళ్లు చూసేది యూరాలజిస్టు, మీకు ముందు కావలసింది నెఫ్రాలజిస్టు. నిమ్స్‌లో, ఉస్మానియాలో ఆ విభాగాలు ఉన్నాయి. ఊరికి వెళ్లే పని ఉంటే పలాసలో 2023 డిసెంబర్‌లో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. క్రియాటినిన్ మళ్లీ చేస్తారు, దాంతోపాటు పొటాషియం, హిమోగ్లోబిన్, యూరిక్ యాసిడ్, మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి అవసరమని నా ఉద్దేశం. హిమోగ్లోబిన్ ఎందుకంటే రక్తం పట్టడానికి కావలసిన హార్మోన్ కిడ్నీలోనే తయారవుతుంది. బీపీ మీరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు, అదీ చూస్తారు. పాత రిపోర్టులు ఏవి ఉన్నా తీసుకెళ్లండి. మూడేళ్ల కిందటిది ఒక్క క్రియాటినిన్ దొరికినా డాక్టరుకు సగం పని తేలికవుతుంది. మీరు వాడిన బిళ్లల కవరు, స్ట్రిప్ ముక్క ఏది మిగిలినా పట్టుకెళ్లండి. రాయి కోసం ఎవరైనా రంగు ఇంజెక్షన్ ఇచ్చి సీటీ తీద్దామంటే, మీ క్రియాటినిన్ ఎంతో చెప్పకుండా టేబుల్ ఎక్కకండి.

సరే, మీరు అడిగింది. 5 మి.మీ. లోపు రాళ్లు మూత్రనాళంలోకి దిగితే చాలా వరకు వాటంతట అవే పడిపోతాయి. మీది కిడ్నీలో కదలకుండా ఉంది, అలాగే ఏళ్ల తరబడి ఉండిపోనూ వచ్చు. ఈ సైజుకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకో ఏడాదికో స్కాన్ చాలు. మందుతో కరిగేవి ప్రధానంగా యూరిక్ యాసిడ్ రాళ్లు. ఎక్కువ మందిలో ఉండేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు, అవి కరగవు. బీరు రాయిని కరిగించదు, కాసేపు మూత్రం ఎక్కువ పోయించి తర్వాత ఒంట్లో నీళ్లు తగ్గిస్తుంది. మీ మేస్త్రిగారికి తోడు కావాలంటే వేరే సంగతి. ఉలవచారు అన్నంలో వేసుకుని తినండి, వద్దనను. గ్లాసులకు గ్లాసులు ఉలవకట్టు తాగడం, కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం మాత్రం రక్తంలో పొటాషియం ఎంతో తెలిసే దాకా వద్దు, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుపోతుంది. కొబ్బరి నీళ్లకూ ఇదే మాట, మీ వైపు వాళ్లకు ఇది కష్టమని తెలుసు. షాపుల్లో రాయికి ఇచ్చే సిట్రేట్ సిరప్‌లు కొన్నింటిలోనూ పొటాషియం ఉంటుంది.

కాళ్ల వాపు, ఆయాసం లేకపోతే రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి, పనిలో బాటిల్ పక్కనే పెట్టుకోండి. అది రాయి పెరగకుండా ఉండటానికి. దాంతో 1.8 దిగిపోతుందని మాత్రం కూర్చోకండి. ఉప్పు, పచ్చడి, ఎండు చేప తగ్గించండి. రాయి ఉందని పాలు, పెరుగు మానేస్తారు, అక్కర్లేదు. చలితో జ్వరం, పక్క నొప్పి కలిసి వచ్చినా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీ ఆవిడకు ఏ బిళ్ల అన్నది నేను రాయను. స్త్రీలలో మూత్రం బయటికి వచ్చే దారి 4 సెం.మీ. దగ్గరే ఉంటుంది, అందుకే ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పైకి పాకుతుంది. తరచూ వస్తోందంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) ఇవ్వాలి, షుగర్ చూడాలి. రెండు బిళ్లలు వేసుకుని మంట తగ్గగానే ఆపేసే అలవాటు ఉందేమో కనుక్కోండి, ఉంటే తర్వాతసారి అదే బిళ్ల పనిచేయకపోవచ్చు. నెల తప్పి ఉంటే ఈ రోజే గైనకాలజిస్టుకు చూపించండి.

ఇదంతా మీరు రాసిన నాలుగు ముక్కలను బట్టి చెప్పింది, మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి. కొత్త రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయవచ్చు. ఈసారి బిళ్ల పేరుతో సహా.