రంపానికి ఆటో స్టార్టర్ పెట్టొద్దు అల్లుడూ

అల్లుడూ, మొన్న కరకంబాడి రోడ్డులో మీ షెడ్డుకి వచ్చినప్పుడు ఆ సెకండ్‌హ్యాండ్ రంపం మిషను చూసినా గదా, మిషను బాగుండాది, 2 హెచ్‌పీ మోటారు సద్దు లేకుండా తిరగతా ఉండాది, కానీ ఆపే స్విచ్చి గోడకి, నీ ఈపు ఎనకాల ఉండేది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. చేతులు రెండూ పలక మీదుంటే దాన్ని ఎట్ల నొక్కతావురా?

పైగా బోరుకి పెట్టినట్టు దీనికీ ఆటో స్టార్టర్ పెట్టిస్తానంటివి. చచ్చినా పెట్టొద్దు. బోరుకి సరే, రాత్రి రెండుకి కరెంటొచ్చినా అదే ఆన్ అయితే చేనికి మంచిది, రంపం అట్ల తిరిగితే చేతి ఏళ్లు తెగిపోతాయి. నా సంగతే చెప్తా, పాతికేండ్ల కిందట వేపపలక కోస్తా ఉంటే కరెంటు పోయింది, స్విచ్చి ఆపకుండా ఇరుక్కున్న పేడు లాగతా ఉండా, కరెంటు వచ్చేసింది. ఎడమ బొటనేలి గోరు సగమే ఉండాది ఇప్పటికీ, మీ అత్త అయితే ఇంకా తిడతానే ఉంటాది.

కాబట్టి కాంటాక్టర్, అంటే లోపలి కాయిల్‌కి కరెంటు పోతేనే మోటారు లైన్ కలిపే స్విచ్చి, ఉండే మామూలు స్టార్టర్ తీసుకో. పచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు పోయి కాంటాక్టర్ పట్టుకుంటాది, ఆమీట దాని మీద 13, 14 అని రాసుండే చిన్న కాంటాక్టే కాయిల్‌ని పట్టి ఉంచుతాది. కరెంటు పోతే వదిలేస్తాది, మళ్లీ పచ్చ నొక్కేదాకా కదలదు. ఎర్ర పుట్టగొడుగు బటన్‌ని, అదే అర్జెంటుగా ఆపే బటన్‌ని, ఆ కాయిల్ లైన్‌లో ఫేజు వైపు సిరీస్‌లో కలపాల, అది కూడా ఎన్‌సీ కాంటాక్టులకి, అంటే నొక్కనప్పుడు కలిసుండి నొక్కితే విడిపోయేవి. ఎందుకంటే ఎలక వైరు కొరికినా, అదురుకి స్క్రూ లూజైనా మిషను దానికదే ఆగిపోతాది. ఎన్ఓకి, అంటే నొక్కితేనే కలిసేవాటికి, కలిపినావనుకో, వైరు తెగిందని బటన్ నొక్కినప్పుడే తెలుస్తాది, అప్పటికి ఏం లాభం. రెండో బటన్ పెట్టుకున్నా అదే సిరీస్‌లోనే. మోటారు కరెంటుని మాత్రం ఆ చిన్న బటన్ గుండా పంపొద్దు. కాయిల్ మీద 230 అనుందా 415 అనుందా చూసుకో, బోరుకాడి పాత స్టార్టర్లలో 415 ఉంటాది, సింగిల్ ఫేజుకి సరిగా పట్టదు.

బటన్ నీ మోకాలికి అందేట్టు పెట్టు, బ్లేడు దాటి చెయ్యి చాపే కాడ కాదు. నొక్కిన బటన్‌ని తిప్పి వదిలినాక మిషను దానికదే స్టార్ట్ కాకూడదు, అయ్యిందంటే వైరింగ్ తప్పు. ఇంకోటి, అది బ్రేకు కాదు, నొక్కినాక కూడా బ్లేడు కొంచేపు తిరగతానే ఉంటాది. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకాల్సిందే.

ఎర్తింగ్ అంటే మీ ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌నే మిషను బాడీకి కలిపేస్తానన్నాడంట, వాణ్ణి ఆపు. న్యూట్రల్ యాడన్నా తెగితే బాడీ మొత్తం ఫేజైపోతాది. పచ్చ వైరు మిషనుకొకటి, నేరుగా ఎర్తు పట్టీకి, రంధా మిషను నుంచి రంపానికి గొలుసు మాదిరి లాగొద్దు. వైరు కొనకుండే లగ్గు బిగించే కాడ పెయింటు గీకి ఇనుము కనపడాల. గుంతలో బొగ్గూ ఉప్పూ ఏసినా మన తిరుపతి ఎండలకి నేల ఎండిపోతాది, ఎండాకాలం నీళ్లు పోస్తా ఉండాల. గుంత ఎంత బాగున్నా ఎంసీబీని, అదే కరెంటు మరీ ఎక్కువ పారితే పడే స్విచ్చిని, నమ్ముకోవద్దు, ఎర్తు 10 ఓములుంటే 230కి 23 ఆంపులే పారేది, నీ 32 ఆంపుల ఎంసీబీ ఆ కరెంటుకి ఎప్పటికీ పడదు. అందుకే కొంచెం కరెంటు లీకైనా పడిపోయే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించు, నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడు.

ఆదివారం మల్టీమీటర్ తీసుకుని వస్తా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్నొకణ్ణి పిలిపించు, పని చేసేటప్పుడు మనిద్దరం పక్కనే ఉందాం. అప్పటిదాకా రంపం ప్లగ్గు పీకి పెట్టు, పిల్లోళ్లు తిరిగే చోటు అది.

మీ మామ