పిందె పసుపు తిరిగి రాలిపోతోంది, మందు కొట్టాలా?

ముదురాకుపచ్చ తొక్క, నిలువునా గాడులు, అరకిలో నుంచి కిలో దాకా తూగే చిన్నరకం గుమ్మడి ఏకార్న్ స్క్వాష్. ఈ పాదు గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న (అనంతపురం): ఫిబ్రవరి మొదట్లో గింజ పెట్టాను. తీగ దిట్టంగా ఉంది. ముందంతా మగపూలే పూసింది. ఇప్పుడు ఆడపూలు వస్తున్నాయి గానీ, పిందె నిమ్మకాయంత కాకముందే పసుపు తిరిగి కొన కుళ్లుతోంది. ఏ మందు కొట్టమంటారు?

జవాబు: మందు జోలికి పోకండి. రాలిన పిందెను నిలువునా కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే, తొక్క మీద సూది గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు బొట్టు కనిపిస్తే అది పండు ఈగ పని. అలాంటి పిందెల్ని పెంటకుప్పలో వేయకుండా లోతుగా పూడ్చేయండి. మిగిలిన పిందెలకు కాగితం సంచి తొడగండి. కోస్తే లోపల శుభ్రంగా ఉందంటే మాత్రం పుప్పొడి అందలేదనే అర్థం. మీరు చెప్పిన లక్షణాలు దీనికే సరిపోతున్నాయి.

మగపూలు వారం పదిరోజులు ముందు రావడం ఈ జాతి స్వభావమే. ఎండ ముదిరేకొద్దీ ఆడపూలు తగ్గుతాయి, పుప్పొడిలో సత్తువ పోతుంది. ఫిబ్రవరిలో పెట్టిన గింజ పూతకొచ్చేసరికి మార్చి నడుస్తుంది. అప్పటికి అనంతపురం ఎండ 35 డిగ్రీలు దాటేస్తుంది.

ఉన్న పాదుకు చేత్తోనే పుప్పొడి అద్దండి. కొన పసుపెక్కిన మొగ్గ మర్నాడు విచ్చుకుంటుంది. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది, ఒట్టి కాడ ఉంటే మగది. పొద్దున 6 నుంచి 8 గంటల లోపు మగపువ్వును కాడతో తుంచి, రేకలన్నీ చించేయండి. మధ్యలోని పసుపు కంకి మీద వేలు పెడితే పొడి అంటాలి. అంటకపోతే ఆ పువ్వు పనికిరాదు. ఆ కంకిని ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే భాగం (కీలాగ్రం) తమ్మెలన్నిటికీ మెత్తగా రాయండి. ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడితే మంచిది. తొమ్మిది దాటాక పువ్వు ముడుచుకుంటుంది, ఇక ఎంత రాసినా దండగే. మగపువ్వు దొరకని రోజు పెరట్లో జుకినీ (పొడుగు కాయల గుమ్మడి రకం) ఉంటే దాని పువ్వు వాడండి, రెండూ ఒకే జాతి. నాలుగైదు రోజుల్లో పిందె ఉబ్బితే కాయ నిలిచినట్టే.

ఏప్రిల్‌లో ఈ పాట్లు పడే బదులు, వచ్చేసారి అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు లోపు గింజ పెట్టండి. మీ ఎర్రనేలలో మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంత తీసి, 5 కిలోల మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి కలపండి. మూడు గింజలు అంగుళం లోతున నాటి, మొలిచాక బలమైనదొక్కటే ఉంచండి. పాదుకూ పాదుకూ నాలుగడుగులు. పాదు మొదలు చుట్టూ శనక్కాయ పొట్టు మందంగా పరిస్తే నీళ్లు ఆదా. యూరియా వేస్తే ఆకులే మిగులుతాయి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): ఆకుల మీద తెల్లమచ్చలు. బూడిద తెగులేనా?

జవాబు: వేలితో రుద్దండి. ఈ జాతిలో కొన్ని రకాల ఆకులకు ఈనెల వెంట వెండి చారలు పుట్టుకతోనే ఉంటాయి, అవి రుద్దితే పోవు. పొడి రాలితే బూడిద తెగులే. దీనికి ఆకు తడవనక్కర్లేదు. పొడి వాతావరణంలో, తీగలు కిక్కిరిసి గాలి ఆడని చోట వస్తుంది. బాగా పట్టిన అడుగాకులు తీసేయండి, ఒక్కసారే మూడో వంతుకు మించి వద్దు. 100 మిల్లీలీటర్ల పాలు 900 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, పొద్దున పూట ఆకు రెండు వైపులా వారానికోసారి పిచికారీ చేయండి. తెగులు మొదట్లోనే పనిచేస్తుంది, ఆకంతా తెల్లబడ్డాక కాదు. గంధకం కొట్టమని చాలామంది చెబుతారు. ఈ కుటుంబపు మొక్కలకు అది పడదు. 32 డిగ్రీలు దాటిన రోజున కొడితే ఆకు మాడుతుంది.

ప్రశ్న (ఆదోని): మొలకలను ఎర్ర పెంకుపురుగులు తినేస్తున్నాయి. మాది నల్లరేగడి.

జవాబు: తెల్లవారుజామున అవి మందకొడిగా ఉంటాయి, ఏరి సబ్బునీళ్లలో వేయండి. మొలకల మీద సన్నటి దోమతెర కప్పి, పూత రాగానే తీసేయండి. లేకుంటే తేనెటీగలు రావు. రేగడిలో నీళ్లు నిలవకుండా జానెడు ఎత్తు దిబ్బ మీద నాటండి. కాయ కింద ఎండుగడ్డి వేయండి. ఎండ తగిలే చోట కడప బండ ముక్క మాత్రం పెట్టొద్దు, అది కాలి కాయ అడుగు ఉడుకుతుంది.

ప్రశ్న (కడప): పక్కనే మన గుమ్మడి పాదుంది. రెండూ కలిసి కాయ చేదవుతుందా? ఎప్పుడు కోయాలి?

జవాబు: పక్క పాదు పుప్పొడి వల్ల ఈ ఏటి కాయ రుచి మారదు. కలిసిన గుణం గింజలోకి వెళ్తుంది. మన తీపి గుమ్మడి వేరే జాతి, దానితో ఇది సులువుగా కలవదు. జుకినీతో, అలంకారానికి పెంచే బుర్రకాయలతో కలుస్తుంది. అందుకే వాటి పక్కన పండిన కాయ గింజలు దాచి నాటొద్దు.

పిందె నిలిచిన 50 రోజులకు కాయ సిద్ధమవుతుంది. నేలకు ఆనిన చోటు నారింజ రంగుకు రావాలి, తొక్కలో గోరు దిగకూడదు. రెండంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి. కాయంతా నారింజ రంగు తిరిగేదాకా ఆగితే కండ పీచెక్కుతుంది. మన ఎండలకు నెల మించి నిల్వ పెట్టకండి.

వండే ముందు పచ్చి ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుంటే ఉమ్మేసి కాయ పారేయండి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.