బీటీ పొడిని బెల్లం నీళ్లలో పెంచుకోవచ్చా?

ప్రశ్న: ఎకరన్నరలో క్యాబేజీ వేశాం. డైమండ్ రెక్కల పురుగుకు బీటీ పొడి కొట్టాం. మర్నాటికి కూడా పురుగులు ఆకుల మీద అలాగే ఉన్నాయి. ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో పెంచినట్టు, ఒక్క ప్యాకెట్ బీటీని డ్రమ్ములో బెల్లం నీళ్లతో రెండు రోజులుంచితే ఎంతైనా తయారవుతుందని పక్క చేను రైతు అంటున్నాడు. చేయమంటారా?
– ఒక రైతు, కుప్పం ప్రాంతం

జవాబు: ఆ డ్రమ్ము పని పెట్టుకోకండి. ట్రైకోడెర్మా అంటే తెగుళ్లను అణిచే మంచి శిలీంధ్రం, అది నేలలో బతికి పెరిగితేనే పని చేస్తుంది. బీటీ సంగతి వేరు, అది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసిన పురుగుమందు. అందులో పురుగును చంపేది ప్రధానంగా బాక్టీరియా లోపల తయారయ్యే మాంసకృత్తుల స్ఫటికం. అది లేకుండా బాక్టీరియా ఎన్ని కోట్లున్నా పురుగు తింటూనే ఉంటుంది.

తిండి దొరికినంతసేపూ ఈ బాక్టీరియా రెండుగా చీలుతూ పెరుగుతుంది, స్ఫటికం జోలికి పోదు. తిండి అయిపోయిందా, తన ఒంట్లోని పాత మాంసకృత్తులనే విరగ్గొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఈ జాతి బాక్టీరియాల్లో ఆ దశలో గంటకు 8 నుంచి 10 శాతం దాకా కరిగిపోతాయని కొలిచారు. పెరిగే దశలో అది చాలా తక్కువ. అలా వచ్చిన అమైనో ఆమ్లాలతోనే లోపల సిద్ధబీజం, అంటే స్పోరు, దాని పక్కనే స్ఫటికం కట్టుకుంటుంది. వరి గింజ పాలు పోసుకుని గట్టిపడే వేళ ఆకులు పండుబారతాయి చూడండి, ఆకులోని సారం గింజకు చేరుతుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే కంటికి కనిపించని ఒక్క కణంలో. మైక్రోస్కోపు కింద చూస్తే మెరిసే కోడిగుడ్డులా స్పోరు, దాన్ని ఆనుకుని వజ్రం ఆకారంలో స్ఫటికం. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

బెల్లం నీళ్లలో చక్కెరే తప్ప మాంసకృత్తులకు కావలసిన నత్రజని పెద్దగా ఉండదు. గాలిలోంచి, డ్రమ్ములోంచి పడ్డ ఈస్టు, పుల్లబెట్టే సూక్ష్మజీవులు ముందు పెరిగిపోతాయి. రెండో రోజు పుల్లటి వాసన వచ్చేది అందుకే. బీటీకి దగ్గరి చుట్టం బాసిల్లస్ సీరియస్ కూడా పెరగవచ్చు. అది వాంతులు, విరేచనాలు తెప్పించే రకం, కంటితో చూసి పోల్చుకోలేం. జనం తినే క్యాబేజీ మీద దాన్ని చల్లకూడదు.

ఇక పురుగులు చావలేదన్న మాట. స్ఫటికం పురుగు కడుపులోకి వెళ్లి, అక్కడి క్షార గుణానికి కరిగి, జీర్ణరసాలు దాన్ని కోశాకే విషమవుతుంది. అప్పుడు పేగు గోడకు చిల్లులు పడతాయి. పురుగు కొన్ని గంటల్లోనే తిండి మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి బతికున్న పురుగుల్ని లెక్కపెట్టకండి. పది మొక్కలు గుర్తు పెట్టుకుని ఆకు అడుగున కొత్త చిల్లులు, పచ్చటి తాజా రెట్ట ఉన్నాయేమో చూడండి. లేకపోతే మందు పనిచేసినట్టే. ముదిరిన పురుగు మీద ప్రభావం తక్కువ, అందుకే పిల్ల పురుగులప్పుడే కొట్టాలి.

క్షారానికి కరుగుతుందన్నాను కదా, ఆ పని మీ ట్యాంకులో జరగకూడదు. బోరు నీళ్ల ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటితే ఆ నీళ్లు వద్దు. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంతో అసలే కలపకండి. మామూలుగా లీటరు నీటికి 1 గ్రాము సరిపోతుంది, ప్యాకెట్ మీది మోతాదు చూసుకోండి. ఎండకు స్ఫటికం త్వరగా పాడవుతుంది కనుక సాయంత్రం పూట, జిగురు మందు కలిపి, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఈ పురుగు బీటీకి కూడా తట్టుకోవడం నేర్చుకుంటుంది, హవాయిలో అలా జరిగిందని 1990లోనే తేలింది. అందుకని ప్రతిసారీ ఇదొక్కటే కొట్టకుండా, వచ్చే పంటలో 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు, పురుగును తనవైపు లాక్కునే ఎర పంటగా వేయండి.

మీ ప్రాంతంలో మల్బరీ తోటలు ఎక్కువ. బీటీ పట్టుపురుగునూ చంపుతుంది. అసలు ఈ బాక్టీరియాను 1901లో జపాన్‌లో కనుక్కున్నది చచ్చిన పట్టుపురుగుల్లోనే. పక్కన మల్బరీ ఉంటే గాలి అటు వీచేటప్పుడు పిచికారీ ఆపండి, ఆ రైతుకు ముందుగా ఒక మాట చెప్పండి.